సినిమా గురించి రాయబోతే కథ ఒక్కటే మిగులుతోంది

ప్రశ్న: నాకు ముప్పై ఎనిమిదేళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఈమధ్య ఒకే వారంలో ‘పథేర్ పాంచాలి’, ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’, ‘నోబడీ నోస్’ చూశాను. మూడూ పిల్లల ఒంటరితనం మీద, ఎదగడం మీద తీసినవే. ఒక చిన్న పత్రికకి వ్యాసం రాద్దామని కూర్చుంటే ప్రతిసారీ రెండింట్లో ఒకటి జరుగుతోంది. అయితే కథంతా చెప్పేస్తున్నాను, లేదంటే సినిమాని వదిలేసి నా చిన్నతనం గురించి ఏడుపు మొదలుపెడుతున్నాను. నాకు పదేళ్లప్పుడు అక్క పెళ్లయి వెళ్లిపోయింది. ఇంటినిండా జనం, కానీ పొద్దున్నే నాకు జడ వేసేవాళ్లు లేరు. నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. ‘పథేర్ పాంచాలి’లో అక్క దుర్గ పోయాక తమ్ముడు అపు ఒక్కడే తయారై గొడుగు పట్టుకుని బయటికెళ్లే చోట ఎందుకో నేను కదల్లేకపోయాను. మూడు సినిమాలూ కలిపి రాయాలా, ఒక్కటేనా? నా గురించి ఎంతవరకు రాయచ్చు? అమ్మా, అక్కా ఇద్దరూ ఆ పత్రిక చదువుతారు. చిత్తుప్రతి జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ చిత్తుప్రతి కంటే మీ ఉత్తరం బాగుంది. చిత్తుప్రతిలో మొదటి నాలుగు పేరాలూ కథే. ఐదో పేరాలో ‘పథేర్ పాంచాలి’ దర్శకుడు సత్యజిత్ రాయ్ జీవితం. ఆ తర్వాత ‘ఒంటరితనం అంతులేని సముద్రం’ అనే వాక్యం. అది ఏ సినిమా గురించైనా, ఎవరైనా రాయగలరు. ఉత్తరంలో మాత్రం ‘ఇంటినిండా జనం, కానీ పొద్దున్నే నాకు జడ వేసేవాళ్లు లేరు’ అన్నారు. మీ వ్యాసం అక్కడ మొదలైపోయింది, మీరే గమనించలేదు.

ముందు, ఒక్క సినిమానే తీసుకోండి. మూడూ కలిపితే ఒక్కోదాని కథా, ఒక ఘట్టమూ చెప్పడానికే మూడు నాలుగు వందల పదాలు పోతాయి. చిన్న పత్రికలో 1,200 పదాలకు మించి చోటు దొరకదు కాబట్టి మిగిలిన కొంచెంలో ‘మూడింటిలోనూ పిల్లలు ఒంటరివాళ్లే’ అని చెప్పడం తప్ప ఏమీ చేయలేరు. పైగా మూడూ ఒకే వారంలో చూశారు. అలా చూసినప్పుడు ఒకదాని బాధ ఇంకోదానిలోకి కారిపోతుంది. చిత్తుప్రతిలో అపు గురించి చెబుతూ ‘పెద్దవాళ్లు వదిలేసిన పిల్లవాడు’ అని రాశారు. అపుని ఎవరూ వదిలేయలేదు. వదిలేసిన తల్లి ‘నోబడీ నోస్’లో ఉంది. 2004లో హిరోకజు కొరెయెదా తీసిన ఆ సినిమాకి ఆధారం 1988లో టోక్యోలో నిజంగా జరిగిన ఉదంతం. ఆ పిల్లల కష్టం వేరు, అపు కష్టం వేరు. ‘పథేర్ పాంచాలి’ తీసుకోండి. మీరు కదల్లేకపోయింది అక్కడే కదా.

ఈ తరహా సినిమాల్లో ఒక విషయం గమనించి పెట్టుకోండి, మీ జడ సంగతికి అది చాలా దగ్గర. మంచి దర్శకులు పిల్లల ఒంటరితనాన్ని చూపించడానికి ఖాళీ గదిలో ఒక్కణ్ణే కూర్చోబెట్టరు. చుట్టూ మనుషుల్ని ఉంచి, వాళ్ల చూపు ఎటుందో చూపిస్తారు. ఫ్రాన్సువా త్రూఫో 1959లో తీసిన ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’లో పిల్లాడు ఆంత్వాన్‌కి తల్లి ఉంది, సవతి తండ్రి ఉన్నాడు, బడిలో ప్రాణస్నేహితుడున్నాడు. కానీ ఆ ఇరుకింట్లో వాడి పడక గుమ్మం పక్కన నడవలో. రాత్రి ఆలస్యంగా వచ్చిన తల్లి వాణ్ణి దాటుకుని లోపలికి పోతుంది, వాడు నిద్ర నటిస్తాడు. చివర్లో సైకాలజిస్టు ప్రశ్నలడిగే ఘట్టంలో ఆవిడ ముఖం ఒక్కసారి కూడా కనపడదు, గొంతు మాత్రమే వినపడుతుంది. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద మనిషి వాడి మాట పూర్తిగా వింటున్నప్పుడు ఆ మనిషి తెరమీద లేదు. చిత్తుప్రతిలో మీరు ‘ఆంత్వాన్‌కి ఎవరూ లేరు’ అన్నారు. అందరూ ఉన్నారు. వాడి వైపు చూడరు, అంతే.

ఇప్పుడు అపు దగ్గరికి. మీరు ఆగిపోయిన ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం.

గాలివాన రాత్రి గడిచింది. తలుపు కొట్టుకోవడం, దీపం రెపరెపలాడటం, గూట్లో వినాయకుడి బొమ్మ కదలడం, అంతా అయిపోయి దుర్గ లేదు. తండ్రి హరిహర్ ఊళ్లో లేడు, అతనికి ఇంకా తెలీదు. తల్లి సర్వజయ మనిషి ఇంట్లోనే ఉంది గానీ మాటాపలుకూ లేదు. అప్పుడు అపు పళ్లు తోముకుంటాడు. తనే తల దువ్వుకుంటాడు. శాలువా కప్పుకుని, నూనె సీసా పట్టుకుని బయల్దేరతాడు. ఆకాశం వంక చూసి, వెనక్కి వెళ్లి గొడుగు తెచ్చుకుంటాడు. మాటలేమీ లేవు, ఏడుపు లేదు.

ఈ పనులన్నీ మనం ముందే ఒకసారి చూశాం. బడికి వెళ్లే మొదటి రోజు. చిల్లుపడిన దుప్పటిలోంచి అపు కన్ను తెరుచుకునే ప్రసిద్ధమైన చోటు అదే. అక్క లేపుతుంది, అమ్మ తల దువ్వుతుంది, ఇద్దరూ కలిసి తయారుచేస్తారు. రెండో పొద్దున చేతులు మారాయి. దువ్వెన అమ్మ చేతిలోంచి వాడి చేతిలోకి వచ్చింది. ‘వీడు పెద్దవాడయ్యాడు’ అని సినిమాలో ఎవరూ అనరు. ఆ మాట అనకపోవడం వల్లే మీరు కదల్లేకపోయారు.

గొడుగు సంగతి ఇంకా లోతు. దుర్గ జ్వరపడింది తొలకరి వానలో తడిసి. ఆ వానలో చెట్టుకింద తమ్ముణ్ణి తన కొంగులోకి తీసుకుని కూర్చుంది. అప్పుడు వానంటే వాళ్లకి ఆట. ఇప్పుడు ఆకాశం చూడగానే వాడు గొడుగు కోసం వెనక్కి పోతున్నాడు. వాడికి వానంటే భయం పట్టుకుందని మనకెవరూ చెప్పలేదు. ఆ వెనక్కి తిరగడం చెప్పింది. చిత్తుప్రతిలో ఈ ఘట్టానికి మీరిచ్చింది ఒకే ఒక్క వాక్యం: ‘అపు గొడుగుతో బయటికి వెళతాడు, గుండె పిండేసింది.’ మీ గుండె పిండిన సంగతి పాఠకుడికి తెలిసింది, పిండిందేమిటో తెలియలేదు. ఇక్కడ కనీసం 350 పదాలు ఉండాలి.

అవి రావాలంటే మళ్లీ చూడాలి. ఈసారి సినిమా మొత్తం అక్కర్లేదు. దుప్పటి చిల్లు ఉన్న పొద్దున, వాన, గాలివాన రాత్రి, గొడుగు పొద్దున – ఈ నాలుగు చోట్లు చాలు. ఒక్కోదాన్ని మూడు రకాలుగా చూడండి. మొదట మామూలుగా. రెండోసారి శబ్దం పూర్తిగా ఆపేసి, మనుషులు ఎటు చూస్తున్నారో, కెమెరా ఎంత దూరంలో ఉందో, ఎవరు చట్రంలో ఉన్నారో, ఎవరు సగం బయట ఉన్నారో చూస్తూ. మూడోసారి కళ్లు మూసుకుని వింటూ. ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ సినిమాకి మాత్రం అది చాలా ముఖ్యం. హరిహర్ తిరిగొచ్చి దుర్గ కోసం తెచ్చిన చీర చూపించగానే సర్వజయ కూలిపోతుంది కదా, అక్కడ ఆమె ఏడుపు మనకి వినపడదు. దాని స్థానంలో తార్ షెహనాయి అనే తీగవాద్యం గొంతెత్తుతుంది. కళ్లు మూసుకుని వినకపోతే ‘సర్వజయ గుండెలు పగిలేలా ఏడ్చింది’ అని రాసేస్తారు, చెవి చేసిన పని పోతుంది.

చూస్తున్నప్పుడు నోట్‌బుక్‌లో భావాలు రాయకండి. నిమిషం, సెకను, కనపడిన వస్తువు, జరిగిన పని, అంతే. ‘దువ్వెన – తనే – తల్లి వెనకాల’ ఇలా. విశేషణాలు వద్దు. భావం ఆ తర్వాత రాసినా ఎక్కడికీ పోదు, వస్తువు మాత్రం తెల్లారేసరికి మారిపోతుంది. మన జ్ఞాపకం సినిమాని తిరగరాస్తుంది, అందులోనూ చిన్నతనం సినిమాల్ని మరీ ఎక్కువగా. ఆంత్వాన్ చివరి పరుగు గురించి మీరు ‘సముద్రాన్ని చూస్తూ ఉండిపోయాడు, అదే వాడి స్వేచ్ఛ’ అని రాశారు. మళ్లీ చూడండి. వాడు నీళ్లలో కాళ్లు తడిపి, సముద్రానికి వీపు పెట్టి, వెనక్కి తిరుగుతాడు. నేరుగా మన కళ్లలోకి చూస్తాడు, బొమ్మ అక్కడ గడ్డకడుతుంది. స్వేచ్ఛ అనే మాట ఆ చూపు ముందు నిలబడదు. ఇక పరిగెత్తడానికి నేల అయిపోయింది వాడికి.

రైలు విషయంలోనూ ఇలాగే తడబడ్డారు. రెల్లుపూల పొలంలో అక్కాతమ్ముళ్లిద్దరూ రైలు చూసి సంబరపడ్డారని రాశారు. దుర్గ పరుగులో తడబడి వెనకబడుతుంది, రైలు దగ్గరికి చేరేది అపు. అక్కడికి రావడానికి కారణం కూడా సంబరం కాదు, పోట్లాట. అక్క బొమ్మల పెట్టెలోని తళుకు కాగితం తీసి వాడు కిరీటం చేసుకుంటాడు, ఆమె తిడుతుంది, వాణ్ణి తరుముతుంది, ఆ కోపం అలా అలా పొలాల్లోకి నడిచి చల్లారుతుంది. రైలు చూసి తిరిగొస్తుంటే వెదురుతోపులో ముసలి ఇందిర్ అత్తయ్య చనిపోయి కూర్చుని ఉంటుంది. పోట్లాట, రైలు, చావు ఒకదాని వెనక ఒకటి, ఒకే పగలు. చిత్తుప్రతిలో రైలు మూడో పేరాలో, ఇందిర్ చావు ఒకటో పేరాలో ఉన్నాయి. వరస చెడితే అర్థం చెడుతుంది.

ప్రింటు విషయంలో కాస్త శ్రద్ధ పెట్టండి. ‘పథేర్ పాంచాలి’ మూల నెగెటివ్ 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతింది. మిగిలినదాన్ని బాగుచేసి, పోయిన భాగాలకి వేరే ప్రతులు వాడి 2015లో పునరుద్ధరించిన ప్రింటు విడుదల చేశారు. అదే చూడండి. ఇంటర్నెట్‌లో తిరిగే పాత కాపీల్లో చీకటి ఘట్టాలు మసిగుడ్డలా ఉంటాయి. గాలివాన రాత్రి ఎవరి ముఖంలో ఏముందో కనపడదు, కనపడనిదాన్ని ఊహించి రాయాల్సి వస్తుంది. ఆంత్వాన్ సినిమాకి ఇంకో ఇబ్బంది. అది వెడల్పు తెర కోసం తీసింది. అంచులు కోసేసిన కాపీలో చూస్తే ఇంట్లో మనుషుల మధ్య దూరాలే తెలియవు.

రాయడానికి కూర్చున్నాక కొన్ని కొలతలు. కథ పరిచయం 100 పదాలు దాటకూడదు. ఎవరు, ఎక్కడ, ఎవరు పోయారు, అంతే. ‘బెంగాల్ పల్లెలో పేద పురోహితుడి కుటుంబం, కూతురు దుర్గ, చిన్నవాడు అపు, తండ్రి సంపాదన కోసం దూరం వెళ్లినప్పుడు దుర్గ జ్వరంతో చనిపోతుంది’ – ఇంతకంటే పాఠకుడికి అక్కర్లేదు. దుర్గ చనిపోతుందని ముందే చెప్పేస్తే సినిమా పాడైపోతుందేమోనని జంకకండి, ఈ సినిమా అనూహ్యమైన మలుపు మీద ఆధారపడింది కాదు. తర్వాత గొడుగు ఘట్టం. దానికి ముందూ వెనకా ఉన్న రెండు మూడు చోట్లు కూడా కలుపుకుని మొత్తం 500 పదాలు. మీ సంగతి 300కి లోపు. మిగిలింది మీ ఆలోచనకి.

మొదటి చిత్తులో ‘ఒంటరితనం’, ‘బాల్యం’, ‘అమాయకత్వం’, ‘గుండె పిండేసింది’ అనే మాటలు వాడకుండా రాయండి. ఈ నియమం కష్టంగా ఉంటుంది, మొదటి గంట పెన్ను కదలదు. కానీ ‘ఒంటరితనం’ అనే మాట చేతిలో లేనప్పుడు దువ్వెన గురించి రాయక తప్పదు. రెండో చిత్తులో నిజంగా కావాల్సిన చోట ఒకటో రెండో వెనక్కి తెచ్చుకోండి.

దర్శకుడి జీవితం, చిత్రీకరణ కబుర్లు తీసేయండి. 1952లో రెల్లుపూల మధ్య చిత్రీకరణ మొదలుపెట్టారనీ, మళ్లీ వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయనీ, మళ్లీ పూసేదాకా ఆగాల్సి వచ్చిందనీ మీరు రాశారు. ముచ్చటైన సంగతే, కానీ ఈ సినిమా మీద వచ్చే ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది, గొడుగుకి ఏ సంబంధమూ లేదు. సినిమా 1955లో విడుదలైందనీ, ఆధారం బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల అనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లండి.

మీ గురించి ఎంత అన్నారు. కొలత చెప్పాను, చోటు అంతకంటే ముఖ్యం. మీ చిత్తుప్రతిలో మీ కథ గొడుగు ఘట్టానికి ముందే వచ్చింది. అలా పెడితే పాఠకుడు సినిమా మొత్తాన్ని మీ కంటితో చూడాల్సి వస్తుంది, అపు మీ బాధకి ఉదాహరణగా మిగిలిపోతాడు. గొడుగు ఘట్టం పూర్తయ్యాక, దువ్వెన చేతులు మారిన సంగతి పాఠకుడికి అర్థమయ్యాక అప్పుడు జడ మాట తీసుకురండి. అదీ అపుతో పోల్చకుండా. ‘నేనూ అపులాగే’ అన్నారంటే అబద్ధమవుతుంది. మీ అక్క పెళ్లి చేసుకుని వెళ్లింది, వాడి అక్క చనిపోయింది. ఈ తేడాని దాచకండి, దాని మీదే నిలబడండి. మీ ఇంట్లో ఆ రోజు భోజనాలు, బంధువులు, సందడి ఉండే ఉంటాయి. బాధపడటానికి మీకు కారణమే లేదని అందరూ అనుకున్న రోజు అది. ఏడవడానికి హక్కులేని వెలితి. అపుకి ఊరంతా జాలిపడుతుంది, మీకు ఎవరు పడ్డారు? వ్యాసంలో మీరు మాత్రమే రాయగలిగింది ఇదే.

రాసేటప్పుడు సినిమాకి పాటించిన క్రమశిక్షణే మీ జ్ఞాపకానికీ పాటించండి. రిబ్బను రంగు గుర్తుంటే రాయండి, గుర్తులేకపోతే కల్పించకండి. మొదటిసారి వేసుకున్న జడ ఎలా వచ్చింది? పాపిడి వంకరపోయిందా? వెనకాల చేతికి అందక ఒక పాయ జారిపోయిందా? బడిలో ఎవరైనా ఏమన్నా అన్నారా? ఇలాంటి రెండు మూడు నిజాలు దొరికితే ‘నేను చాలా ఒంటరిగా ఫీలయ్యాను’ అని రాయాల్సిన పని ఉండదు.

బెంగాలీ సినిమా అయితే తెలుగు పాఠకులకి పట్టదేమోనని చిత్తుప్రతి అంచున రాసుకున్నారు, ఏదైనా తెలుగు సినిమాతో కలపాలా అని. అవసరం లేదు. కలిపితీరాలనుకుంటే అందులోనూ ఇలాంటి ఒక్క పని దొరకాలి. 2024లో వచ్చిన ‘35 – చిన్న కథ కాదు’లో తిరుపతి పిల్లాడు అరుణ్ సున్నా గురించి వేసే ప్రశ్నలకి క్లాసులో వెక్కిరింపు తప్ప జవాబు దొరకదు. వాడి కోసం తల్లే లెక్కలు నేర్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ పిల్లాడి పక్కన కూర్చోవడానికి ఒక మనిషి వచ్చింది, అపు పక్కన ఆ పొద్దున ఎవరూ లేరు. ఈ ఒక్క తేడా మీద ఒక పేరా రాయగలిగితే రాయండి. ఊరికే పేరు ప్రస్తావించడానికైతే వద్దు.

ముగింపు కోసం మీరు రెండు సార్లు తంటాలు పడ్డట్టున్నారు. సినిమా చివర్లో ఎడ్లబండి వెళ్లిపోతుంది కదా అని దాంతో ముగించకండి, అందరూ అక్కడే ముగిస్తారు. దానికంటే కొంచెం ముందు ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అపుకి అటక మీద చిప్పలో పూసలదండ దొరుకుతుంది. పొరుగింటివాళ్లు దుర్గే దొంగిలించిందని తిట్టిన దండ. వాడు దాన్ని ఎవరికీ చూపించడు. పరిగెత్తి చెరువులో విసిరేస్తాడు, పాచి విడిపోయి మళ్లీ మూసుకుంటుంది. అక్క గుట్టు కాపాడటం వాడు పెద్దవాళ్లలాగా చేసిన మొదటి పని. మీ వ్యాసానికి ఇది సరిపోతుందో లేదో నాలుగు ఘట్టాలు చూశాక తేల్చుకోండి. సరిపోకపోతే మీ జడ దగ్గరే ఆపేయండి, ముగింపు వాక్యం వెతక్కండి.

ఇక అమ్మా, అక్కా. చిత్తుప్రతిలో ‘నన్ను ఎవరూ పట్టించుకోలేదు’ అనే వాక్యం మూడు చోట్ల ఉంది. అది మీ అమ్మ మీద తీర్పు. పదేళ్ల పిల్లకి కనపడినంతే రాయండి: పొద్దున్న అమ్మ ఏ పనిలో ఉండేది, పొయ్యి దగ్గరా, చిన్నపిల్లలతోనా, పెద్దవాళ్ల మందులతోనా? సర్వజయ కూడా చాలాసార్లు విసుక్కుంటుంది, ఇందిర్ అత్తయ్యని ఇంట్లోంచి పొమ్మంటుంది. అయినా ఆమె మీద మనకి కోపం రాదు, ఎందుకంటే ఖాళీ గిన్నెలు ముందే చూపించారు. మీ అమ్మ గిన్నెలు కూడా చూపించండి.

అక్కకి మాత్రం పంపేముందు ఆ 300 పదాలూ చదివి వినిపించండి, ఫోన్లోనైనా సరే. అనుమతి కోసమే కాదు. అక్క వెళ్లిపోయాక మీకు జడ ఎవరు వేస్తారని ఆమె కూడా అనుకుని ఉండొచ్చు, ఇంకొకరికి అప్పజెప్పి ఉండొచ్చు, అది జరగకపోయి ఉండొచ్చు. మీకు గుర్తున్నదీ ఆమెకి గుర్తున్నదీ కలవకపోతే మీ వాక్యాన్ని కొట్టేయకండి, ఆమె మాటని కూడా పక్కనే ఆమె అన్నట్టుగానే చేర్చండి.